ఇంటి చదువులో ప్రాథమిక భూగోళం

పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించే కుటుంబాల్లో, ఆరేళ్ల నుంచి పదకొండేళ్ల దాకా నేల, నీరు, ఎండ, వాన, ఊళ్లు, దేశాలు, అక్కడి మనుషుల బతుకుతెరువుల గురించి నేర్పే పనిని ఈ వ్యాసం ప్రాథమిక భూగోళం అంటోంది. లెక్కలకూ భాషకూ ఉన్నంత గట్టి పాఠాల వరుస దీనికి లేదు. మన బడుల్లో కూడా ఐదో తరగతి దాకా భూగోళం విడిగా కనిపించదు. తెలుగు రాష్ట్రాల్లో అది ‘పరిసరాల విజ్ఞానం’లో కలిసిపోయి ఉంటుంది, ఆరో తరగతిలో సాంఘిక శాస్త్రంలో భాగంగా బయటపడుతుంది. కాబట్టి ఇంట్లో చెప్పేవాళ్లను వెనకనుంచి తరిమే పరీక్ష ఏదీ లేదు. ఈ పాఠానికి ఉన్న బలం ఆ వెసులుబాటే. చాలా ఇళ్లలో అట్లాసు అటకెక్కడానికి కారణమూ అదే.

చట్టం సంగతి రెండు మాటల్లో. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అంటుంది కానీ, ఇంటి చదువు గురించి పేరుపెట్టి ఏమీ చెప్పదు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ నడిపే ఎ, బి, సి స్థాయిలు మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానం. ఇంట్లో చదివే పిల్లలు చాలామంది చివరికి ఆ సంస్థ పదో తరగతి పరీక్షకే చేరతారు.

వెనకటి కథ

ఇంట్లో భూగోళం చెప్పడం ఈనాటి ముచ్చట కాదు. 1760లలో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాల వ్యాపారి, దేశపటాన్ని పలుచటి చెక్కకు అంటించి, సరిహద్దుల వెంట రంపంతో కోసి అమ్మాడు. జిగ్సా పజిల్ చరిత్ర మొదలయ్యేది ఈ కోసిన పటాలతోనే. మూడో జార్జి పిల్లల ఆలనాపాలనా చూసిన లేడీ షార్లెట్ ఫించ్ ఇలాంటి పటాలతోనే రాజకుమారులకు దేశాలు నేర్పింది. ఆ ముక్కలు దాచిన చిన్న చెక్క బీరువా ఇప్పటికీ భద్రంగా ఉంది. అదే దశకంలో, 1762లో, ఫ్రెంచిలో రూసో ‘ఎమిల్’ వచ్చింది. అందులో పిల్లవాడికి బడి లేదు, వెంట ఉండే గురువు ఒక్కడే. అతని భూగోళం రెండు స్థలాలతో మొదలవుతుంది: తానుండే ఊరు, తండ్రికి పల్లెలో ఉన్న ఇల్లు. ఆ రెంటి మధ్య ఏమేం వస్తాయో తర్వాత తెలుసుకుంటాడు. పటం తానే గీసుకుంటాడు, వంకరటింకరగా వచ్చినా సరే. రాజుగారింట చెక్కముక్కల్లో ప్రపంచం, రూసో పుస్తకంలో కాళ్లకింది దారి. ఇంటి భూగోళంలో నేటికీ ఉన్న రెండు దారులూ అప్పుడే విడిపోయాయి.

కాళ్లకింది దారిని నిజంగా నడిచి చూపించినవాడు పెస్టలోజీ. స్విట్జర్లాండ్‌లోని ఇవెర్డాన్‌లో 1805 నుంచి 1825 దాకా ఆయన నడిపిన బడిలో భూగోళం మొదటి పాఠం ఇలా ఉండేదని ఒక పాత విద్యార్థి రాసిపెట్టాడు. పిల్లలను ఊరి పక్కన బ్యూరోన్ అనే చిన్న ఏరు పారే సన్నటి లోయకు తీసుకెళ్లేవారు. ముందు లోయనంతా ఒక్కచూపులో చూడమనేవారు, తర్వాత ఒక్కొక్క మలుపూ. వచ్చేటప్పుడు అక్కడి బంకమన్ను మూటగట్టుకుని రావాలి. బడిలో పొడవాటి బల్లల మీద ఆ మట్టితో లోయను తిరిగి కట్టాలి. మర్నాడు ఇంకాస్త పైకి నడక, బల్ల మీద లోయకు ఇంకాస్త పొడిగింపు. లోయ మొత్తం పూర్తయ్యాకే పిల్లలకు పటం చూపేవారు. అప్పటికి పటంలోని గీతలు వాళ్లకు గీతలు కావు, తమ చేతులతో పెట్టిన గట్లు. ఆధునిక భూగోళశాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకడైన కార్ల్ రిట్టర్ ఇవెర్డాన్ వచ్చి ఈ తీరు చూసి వెళ్లాడు. ఈ దారి జర్మనీ బడుల్లో ‘సొంత సీమ పాఠం’గా స్థిరపడింది. చిత్రమేమిటంటే ఆ జర్మనీలో ఇప్పుడు పిల్లలను బడికి పంపకుండా ఇంట్లో చదివించడానికి చట్టం ఒప్పుకోదు.

ఇంగ్లండ్‌లో షార్లెట్ మేసన్ ఈ కాళ్లకింది దారిని తల్లుల చేతిలో పెట్టింది. 1886లో వచ్చిన ఆమె ‘హోమ్ ఎడ్యుకేషన్’ ప్రకారం పిల్లలు రోజులో ఎక్కువసేపు ఆరుబయటే ఉండాలి, ఊరి చెరువునే సరస్సుగా, పిల్లకాలువనే నదిగా చూడాలి, దూరాన్ని తమ అడుగులతో కొలవాలి, దిక్కును సూర్యుణ్ని బట్టి చెప్పాలి. ఆంబుల్‌సైడ్ నుంచి ఆమె ఉత్తరాల ద్వారా నడిపిన బడి ఎన్నో ఇళ్లకు పాఠాలు పంపింది. మన దేశంలో ఉన్న ఇంగ్లిషు మాధ్యమం ఇంటి చదువరుల్లోనూ ఆమె పేరు తరచూ వినిపిస్తుంది.

మేసన్ కన్నా ముందే, ఆ ఇంగ్లండ్‌లోనే, పుస్తకం ఒక్కటే ఆధారమైతే ఏమవుతుందో ఫావెల్ లీ మార్టిమర్ చూపించింది. ‘నియర్ హోమ్’ 1849లో, ‘ఫార్ ఆఫ్’ 1852లో వచ్చాయి. ఇంగ్లండ్ దాటి వెళ్లడమే అరుదైన ఆ రచయిత్రి, చూడని దేశాల ప్రజలను సోమరులనీ మురికివాళ్లనీ మోసగాళ్లనీ పిల్లలకు చెబుతూ పోయింది. ఇంట్లో చెప్పే భూగోళానికి ఉన్న అసలు ప్రమాదం ఇది. క్లాసులో అయితే పక్క బెంచీ పిల్లాడు ‘మేం అలా ఉండం’ అని అనగలడు, ఇంట్లో ఆ మాట అనేవాడు ఉండడు.

అమెరికాలో బాల్టిమోర్ నగరంలోని కాల్వర్ట్ స్కూలు 1906లోనే పాఠాలను టపాలో ఇళ్లకు పంపడం మొదలుపెట్టింది. ఆ స్కూలు హెడ్‌మాస్టర్ వర్జిల్ హిల్యర్ రాసిన ‘ఎ చైల్డ్స్ జాగ్రఫీ ఆఫ్ ది వరల్డ్’ 1929లో అచ్చయింది. పిల్లవాణ్ని చేయి పట్టుకుని దేశదేశాలు తిప్పే కబుర్ల పుస్తకం అది. ఆస్ట్రేలియాలో ఎడారి పశుక్షేత్రాల పిల్లల కోసం 1951లో ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి రేడియో బడి మొదలైంది. 1977లో విద్యా రచయిత జాన్ హోల్ట్ తన పత్రిక పెట్టాక అమెరికాలో ఇంటి చదువు ఉద్యమమైంది, 1993 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమైంది. నేషనల్ జియోగ్రఫిక్ సొసైటీ 1989 నుంచి 2019 దాకా ఏటా జరిపిన భూగోళం పోటీలో 2002, 2003 విజేతలిద్దరూ ఇంట్లో చదువుకున్న పిల్లలే. చివరి సంవత్సరాల్లో ఆ బహుమతి వరసగా భారతీయ కుటుంబాల పిల్లలకు దక్కింది. అయితే ఆ పోటీ ఎక్కువగా జ్ఞాపకానికి పెట్టిన పరీక్ష. రాజధానుల జాబితా నోటికి రావడమూ, ఒక ఊరు అక్కడే ఎందుకు పుట్టిందో చెప్పగలగడమూ వేర్వేరు.

దగ్గర నుంచా, దూరం నుంచా

మాంటిస్సోరి దారి ఆ కాళ్లకింది దారికి ఎదురు. ముందు భూమండలం మొత్తం, తర్వాత ఖండాలు, ఆ తర్వాతే దేశాలు. చిన్నపిల్లలకు మొదట ఇచ్చే గ్లోబు మీద నేల గరుకుగా, నీరు నున్నగా ఉంటుంది. కళ్లు మూసుకుని వేళ్లతోనే ఏది నేలో చెప్పవచ్చు. ఆ తర్వాత ఖండానికో రంగున్న గ్లోబు, చెక్క పజిల్ పటాలు, నేలకూ నీటికీ జంట ఆకారాల పళ్లేలు వస్తాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మాంటిస్సోరి మన దేశంలోనే, మద్రాసు అడయారులోనూ కొడైకెనాల్‌లోనూ ఉండిపోయింది. మొత్తం విశ్వం నుంచి మొదలుపెట్టి చెప్పే ఆమె ‘కాస్మిక్’ విద్య కొడైకెనాల్ కొండల్లోనే రూపు దిద్దుకుంది.

ఇంటి నుంచి ఊరికి, ఊరి నుంచి మండలానికి, జిల్లాకు అని మెట్లుగా వెళ్లాలనేవాళ్లూ, గ్లోబు నుంచి దిగాలనేవాళ్లూ చాలాకాలంగా వాదించుకుంటున్నారు. మనస్తత్వవేత్త పియాజె జెనీవా పిల్లలను ప్రశ్నించినప్పుడు, తాము జెనీవావాళ్లమైతే స్విస్‌వాళ్లం ఎలా అవుతామని చిన్నవాళ్లు తికమకపడ్డారు. ఒకదాన్లో ఒకటి ఇమిడి ఉండే స్థలాల లెక్క ఏడెనిమిదేళ్లు దాటితే గానీ కుదురుకోదని దాన్నిబట్టి తేల్చారు. మనింట్లోనూ ‘మనది గుంటూరా, ఆంధ్రప్రదేశా?’ అని అడిగే ఐదేళ్లవాడు ఉంటాడు. కానీ అదే పిల్లాడు డల్లాస్‌లో ఉన్న పెద్దమ్మతో రోజూ వీడియోలో మాట్లాడుతున్నాడు. వాడికి డల్లాస్ దగ్గర, పక్క మండలం దూరం. కిలోమీటర్లను బట్టి పాఠాల వరుస పెట్టడం పెద్దల సౌకర్యం కోసమే తప్ప, పిల్లవాడి మనసులో దగ్గరా దూరమూ ఆ లెక్కన ఉండవు. రెండు కొసలూ ఒకేసారి పట్టుకోవడం ఇంట్లో సాధ్యం, బడిలో కష్టం.

డల్లాస్ కొసనే పట్టుకుంటే ఎంత దూరం వెళ్లవచ్చో చూడండి. ఎండాకాలంలో హైదరాబాద్‌లో ఉదయం ఏడున్నర అయితే అక్కడ ముందురోజు రాత్రి తొమ్మిది. చలికాలంలో అదే ఏడున్నరకు అక్కడ ఎనిమిదే. మన గడియారం మారదు, వాళ్లది ఏడాదికి రెండుసార్లు మారుతుంది. ఎందుకు మారుతుందో పిల్లలు అడగకుండా ఉండరు. తర్వాత గ్లోబు మీద ఒక దారం తీసుకుని హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు బిగించి పట్టమనండి. దారం ఐరోపా మీదుగా పోతుందనుకుంటారు. అది నేరుగా ఉత్తరానికి లేచి, ధ్రువానికి బాగా దగ్గరగా జరిగి, అవతలి వైపు దిగుతుంది. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా దాదాపు 175 డిగ్రీలు, అంటే భూమికి ఇంచుమించు ఎదురుబొదురు పక్కలు. గోడకు వేలాడే పటం మీద ఈ దారి కనపడే అవకాశమే లేదు. అదే గోడపటం గ్రీన్‌లాండ్‌ను మన దేశం కన్నా ఎన్నో రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. నిజానికి గ్రీన్‌లాండ్ 22 లక్షల చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు, మన దేశం దాదాపు 33 లక్షలు.

తెలుగింట్లో ఉన్న సరంజామా

దిక్కుల విషయంలో తెలుగు పిల్లలకు పుట్టుకతోనే కొంత ఆస్తి ఉంది. ఇంట్లో ‘తూర్పు గది’, ‘ఉత్తరం వాకిలి’ అంటూ ఉంటారు, ఉత్తరానికి తలపెట్టి పడుకోవద్దని అమ్మమ్మ మందలిస్తుంది. ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం అనే మూలల పేర్లు వాస్తు పుణ్యమా అని ప్రతి ఇంట్లో వినపడతాయి. వాస్తు మీద నమ్మకం ఉన్నా లేకున్నా ఈ మాటలు పనికొస్తాయి. పూజలో పురోహితుడు చెప్పించే సంకల్పం కూడా ఒక చిరునామానే. ద్వీపం, వర్షం, ఖండం అంటూ పెద్దదాని నుంచి దిగి, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల మధ్య కూర్చున్నామో చెప్పి, చివరికి సొంత ఇంట్లో ఆగుతుంది. పియాజె పిల్లలు తడబడ్డ లెక్క సరిగ్గా ఇదే. విజయవాడలో శ్రీశైలానికి ఈశాన్యం అంటారు. పటం తీసి నిజంగా ఈశాన్యమేనా, తూర్పుకు ఎక్కువ వాలిందా అని చూడటం ఎనిమిదేళ్లవాళ్లకు మంచి పని. పన్నెండు నదుల పుష్కరాల జాబితా కూడా అలాంటిదే. 2015లో గోదావరికి, 2016లో కృష్ణకు, 2020లో తుంగభద్రకు, 2022లో ప్రాణహితకు వచ్చాయి. ఇంట్లో పెద్దవాళ్లు ఏ పుష్కరానికి ఎక్కడ మునిగారో అడిగి పటం మీద చుక్కలు పెడితే నదుల పేర్లు విడిగా బట్టీ పట్టనక్కర్లేదు.

పటం అంటే పైనుంచి చూపు. అదే పిల్లలకు మొదటి అడ్డంకి. ఆరేళ్లవాణ్ని గది గీయమంటే గోడలు పైనుంచి చూసినట్టు, మంచం పక్కనుంచి చూసినట్టు, దాని నాలుగు కాళ్లూ నాలుగు వైపులకూ చాచినట్టు గీస్తాడు. తప్పని కొట్టేయకూడదు, వాడు రెండు చూపులనూ ఒకే కాగితంలో పెట్టాడంతే. ముందు కాగితం మీద గరిటె, గ్లాసు, అగ్గిపెట్టె పెట్టి చుట్టూ గీత గీయించాలి. వస్తువు తీసేస్తే మిగిలేది దాని పటం, అసలంతే కొలతతో. తర్వాత గది. ఈ కాలం ఇళ్లలో నేలంతా రెండడుగుల టైల్సే కాబట్టి స్కేలు నేర్పడానికి టేపు కూడా అక్కర్లేదు. టైల్స్ లెక్కపెట్టి, టైలుకో గడి చొప్పున గళ్ల కాగితంలో ఎక్కిస్తే కొలత తప్పని పటం వస్తుంది. చుక్కల ముగ్గు వేసే చేతికి ఈ గళ్లు కొత్త కాదు. పదేళ్లు వచ్చేసరికి సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు చూపవచ్చు. అందులో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. తమ ఊరి చెరువు అందులో నీలంగా కనపడినప్పుడు పిల్లల ముఖం చూడాలి.

మాటల దగ్గర కాస్త ఆగాలి. ఇంగ్లిషు అట్లాసు పెట్టుకుని చెప్పే ఇళ్లలో పోతున్నది ఇదే. ‘భూసంధి’, ‘జలసంధి’ పక్కపక్కన పెడితే వివరణ అక్కర్లేదు: ఒకచోట నీళ్ల మధ్య నేల రెండు నేలలను కలుపుతుంది, ఇంకోచోట నేలల మధ్య నీరు రెండు నీళ్లను కలుపుతుంది. ‘ద్వీపకల్పం’లో ‘కల్ప’ అంటే దాదాపు అలాంటిదని. మూడువైపులే నీరుంది కనుక అది ద్వీపం కాదు, ద్వీపంలాంటిది. ‘పీఠభూమి’లో పీట కనపడుతూనే ఉంది. ఇవి సంస్కృతం నుంచి వచ్చిన పుస్తకం మాటలు. వాడుకలోని తెలుగు ఇంకా నిశితంగా ఉంటుంది. కుంట వేరు, చెరువు వేరు. వాగు, వంక, ఏరు వేరు. గట్టు, దిబ్బ, తిప్ప, మెరక వేరు. గోదావరి పాయల మధ్య తేలిన మట్టినేల లంక. కోనసీమలో ఎదుర్లంక లాంటి పేర్లు వినగానే ఆ ఊరు ఎలా పుట్టిందో సగం తెలుస్తుంది. నేలకూ అంతే: కోస్తాలో, రాయలసీమలో నల్లరేగడి, తెలంగాణలో ఎర్రచెల్క, పంట రాని చోట చౌడు. పేరు మిగిలి వస్తువు పోయిన చోట్లు మరీ మంచి పాఠాలు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఇప్పుడు చెరువు లేదు.

నదిని చూపడానికి నది దాకా పోనక్కర్లేదు. మట్టివీధిలో వాన వెలిసిన మొదటి పది నిమిషాలు చాలు. మెరక వైపు సన్నటి పాయలు వేళ్లలా దిగి ఒకటవుతాయి, అవి ఉపనదులు. మలుపు తిరిగిన చోట బయటి అంచు కోసుకుపోతుంది, లోపలి అంచున ఇసుక మేట వేస్తుంది. చివర నీరు గుంటలోకి దిగే చోట జోరు తగ్గి, తెచ్చిన మట్టిని విసనకర్రలా పరిచి, తానే ఆ మట్టికి అడ్డుపడి రెండు మూడు పాయలుగా చీలుతుంది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు వచ్చిన గోదావరి ధవళేశ్వరం దిగువన గౌతమిగా, వశిష్ఠగా చీలి చేస్తున్న పని ఇదే. అడ్డంగా పుల్ల పెడితే కాటన్ దొర 1852లో పూర్తిచేసిన ఆనకట్ట. సిమెంటు రోడ్డు మీద ఇదేదీ జరగదు. అలాంటి చోట తట్టెడు మట్టి తెచ్చి డాబా మీద ఏటవాలుగా పోసి చెంబుతో నీళ్లు వదలాలి, తర్వాత డాబా ఎవరు కడగాలో ముందే తేల్చుకోవాలి.

ఇక నీడ. కర్కటరేఖకు దక్షిణాన ఉన్న ప్రతి తెలుగు ఊరికీ ఏడాదిలో రెండుసార్లు సూర్యుడు నడినెత్తికి వస్తాడు. హైదరాబాద్‌లో అది మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి. ఆ రోజు నిటారు అంచులున్న స్టీలు డబ్బాను మట్టంగా ఉన్న నేల మీద పెడితే కాసేపు దాని చుట్టూ నీడ ఉండదు. (అడుగు సన్నగా, మూతి వెడల్పుగా ఉండే మంచినీళ్ల గ్లాసు బోర్లించి మోసపోయినవాళ్లు ఉన్నారు. వాలు అంచులున్న వస్తువు నీడ నడినెత్తికి అటూ ఇటూ కూడా కనపడదు.) మేలో అది జరిగేది పన్నెండు గంటలకు కాదు, సుమారు 12 గంటల 12 నిమిషాలకు. ఎందుకు? మన గడియారాలన్నీ 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తాయి, ఆ గీత మన తీరాన్ని దాటేది కాకినాడ, తుని ప్రాంతంలోనే. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన పదహారు నిమిషాలు ఆలస్యం. మిగిలిన నాలుగు నిమిషాల తేడా భూమి కక్ష్య తీరువల్ల వచ్చేది, అది పదేళ్లవాళ్లకు చెప్పకపోయినా నష్టం లేదు. ఆ రెండు తేదీల మధ్య మిట్టమధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది, మిగతా ఏడాదంతా ఉత్తరానికి. ఆగస్టులో మబ్బులుంటాయి కనుక మేనే నమ్ముకోవాలి.

పటంతో వచ్చే చిక్కులు

గోడకు తగిలించిన పటం ఉత్తరం అంటే ‘పైన’ అని నేర్పుతుంది. మందు సులువు: పటాన్ని దించి నేల మీద పరచి, దాని ఉత్తరాన్ని ఊరి ఉత్తరానికి తిప్పాలి. ఫోనులో మ్యాపు ఇంకో రకం చిక్కు తెస్తుంది. మనిషి ఎటు తిరిగితే అది అటు తిరిగి ఎప్పుడూ మన ముందరే పైన ఉండేలా చూపిస్తుంది, పిల్లలకు దిక్కుతో పనే పడదు. తిరగకుండా ఆపే వీలు సెట్టింగుల్లో ఉంది, ఇస్రో భువన్‌లో మన ఊరి ఉపగ్రహ చిత్రాలూ ఉన్నాయి. ఫోను వద్దనడం కన్నా ఇవి వాడుకోవడం మేలు.

విదేశాల్లో అచ్చయిన గ్లోబులూ అట్లాసులూ జమ్మూ కశ్మీర్ సరిహద్దును చుక్కల గీతతోనో వేరే రంగుతోనో చూపుతుంటాయి. సర్వే ఆఫ్ ఇండియా పటాలకు భిన్నంగా దేశ సరిహద్దులను చూపే పటం ప్రచురించడం మన దేశంలో నేరం. కొనేటప్పుడు తల్లిదండ్రులు ఇది చూసుకోవాలి. తేడా ఉన్నదే ఇంట్లో ఉంటే దాచనక్కర్లేదు, రెండూ పక్కన పెట్టి సరిహద్దు అంటే ఏమిటో చెప్పే వయసు పదేళ్లకు వస్తుంది.

పటం పాతబడటం ఇంకొకటి. ఇంట్లో ఉమ్మడి రాష్ట్రం నాటి గోడపటం ఉంటే పారేయకూడదు. 2014 జూన్ 2న పది జిల్లాలతో ఏర్పడ్డ తెలంగాణ 2016 అక్టోబరులో 31 అయింది, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో పదమూడు కాస్తా 26. ములుగులో 1950లో పుట్టి ఇల్లు కదలని నాయనమ్మను వాళ్లది ఏ జిల్లా అని అడిగితే వరంగల్ అని ఒకసారి, భూపాలపల్లి అని ఒకసారి, ములుగు అని ఒకసారి చెబుతుంది. రాష్ట్రం అడిగితే హైదరాబాద్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. పిల్లలు రెండు పటాలూ నేల మీద పరిచి ఆమె వాకిలి ఎక్కడుందో వెతుకుతారు. అది రెండింటిలోనూ అదే చోట, గోదావరికి అంతే దూరంలో ఉంటుంది.